నేను ముందు, అత్తయ్య వెనక

మా అత్తయ్యకు కోపం రాదు. వస్తే ఎంత బాగుండేదో. కోపం వచ్చే మనిషితో వేగడం సులువు. వాళ్ళు అరుస్తారు, మనమూ అరుస్తాం, సాయంత్రానికి టీ తాగుతూ మామూలైపోతాం. ఈవిడ మనసులో ఏముందో మొహం చూసి చెప్పగలిగిన మనిషి మా మామయ్య ఒక్కరే, ఆయనేమో ఇప్పుడు లేరు. నా సంగతి వేరు. నాకు కోపం ముందొస్తుంది, కారణం తరవాత వెతుక్కుంటాను. ఇలాంటి ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, ఆ ఇంటి కింద ఉన్న ఒకే దుకాణంలో పని చేస్తాం, అది చాలనట్టు ఏడాదికొకసారి సైకిళ్ళేసుకుని ఊరు దాటి పోతాం.

దుకాణమంటే లాండ్రీ. వీధివైపు అద్దాల తలుపు, కౌంటరు, దాని వెనక గుర్తు చీటీలు తగిలించుకుని వేలాడే కోట్లు. లోపలి గదిలో ఉతికే యంత్రాలు, రెండు ఇస్త్రీ బల్లలు, మూలన బాయిలర్. మాకు కావలసిన ఆవిరంతా ఆ బాయిలర్ నుంచే వస్తుంది. ఏడాదికొకసారి మెకానిక్కులు వచ్చి దాన్ని చల్లార్చి, విప్పి, లోపల పేరుకున్న పొరంతా గీకి, తనిఖీకి వచ్చే ఇంజనీరుకు చూపించాలి. దానికి పట్టే రెండు రోజులూ దుకాణం మూత. మామయ్యా అత్తయ్యా పెళ్ళైన కొత్తలోనే ఆ రెండు రోజులకూ ఒక అలవాటు చేసుకున్నారట. ఒక పగలంతా తొక్కుకుంటూ ఎంత దూరం పోగలిగితే అంత దూరం పోవడం, రాత్రికి ఏదో ఒక లాడ్జిలో తల వాల్చడం, మర్నాడు వెనక్కి రావడం.

మామయ్య చనిపోయిన ఏడాది, బాయిలర్ విప్పిన రోజు పొద్దున్నే అత్తయ్య మెట్ల కింద నిలబడి తన సైకిలు టైర్లు నొక్కి చూస్తున్నారు. చాలాసేపు నొక్కారు. చూడలేకపోయాను. "నేనూ వస్తాను అత్తయ్యా" అనేశాను. అప్పటికి నేను సైకిలు మీద కూరగాయల మార్కెట్టు దాటి ఎరగను. ఆసారి తిరిగొచ్చాక వారం రోజులు మెట్లు దిగాలంటే ఏడుపొచ్చింది. ఆ తరవాత ఏటా నేనే ఆవిడకు తోడు, కాళ్ళు కూడా అలవాటుపడ్డాయి.

ఈసారి మాత్రం నేను ఒక పని పెట్టుకుని బయల్దేరాను. లాండ్రీ మానేస్తున్నానని అత్తయ్యకు చెప్పాలి.

సిటీ బస్సుల డిపోలో డ్రైవర్లను శిక్షణకు తీసుకుంటున్నారు, అందులో నేనూ ఎంపికయ్యాను. చేరేదీ లేనిదీ సోమవారం చెప్పాలి. మా దుకాణం వ్యాను నడిపేది నేనే. హోటళ్ళకు దుప్పట్లు చేరవెయ్యడం, ఆసుపత్రి నుంచి డాక్టర్ల కోట్లు తేవడం నా పని. పొద్దుటినుంచీ ఆవిరిలో ఉడికిన ప్రాణం ఆ వ్యాను ఎక్కగానే లేచొచ్చేది. ఇరుకు సందులో బండిని వెనక్కి తిప్పడమంటే నాకు ఎక్కడలేని హుషారు. మా ఆయన అది గమనించి, పెద్ద బండి లైసెన్సు తీసుకోమని నా వెంటపడ్డారు. తీసుకున్నాను. ఉద్యోగం వచ్చిందనగానే ఎగిరి గంతేశారు. మరి మీ అమ్మకు ఎవరు చెప్తారంటే మాత్రం చల్లగా చేతులు దులిపేసుకున్నారు.

"నువ్వే చెప్పు. నేను చెప్తే ఏడుస్తుంది," అన్నారు.

నేను చెప్తే ఏడవరని ఈయనకు ఎవరు హామీ ఇచ్చారో తెలీదు. ఆయన శీతల గిడ్డంగిలో పని చేస్తారు, ఆవిరి పడదని దుకాణంలోకి అడుగే పెట్టరు. మామయ్య పోయాక ఆ ఇస్త్రీ బల్లల దగ్గర ఆవిడ పక్కన నిలబడ్డది నేను. కౌంటరు దగ్గరికి ఎవరొచ్చినా "ఇంక దుకాణమంతా ఈ అమ్మాయిదే" అంటారు అత్తయ్య. అలాంటి మనిషితో, నేను పోతున్నాను, మీ బాయిలరూ మీరూ ఉండండి అని ఎలా చెప్పడం? నెల రోజులుగా మింగలేక కక్కలేక తిరుగుతున్నాను. రోడ్డు మీదైతే ఇద్దరమే ఉంటాం, ఎదురెదురుగా మొహాలు చూసుకోనక్కర్లేదు, అప్పుడు చెప్పేస్తానని మా ఆయనకు మాటిచ్చి బయల్దేరాను.

వెళ్ళాల్సింది ఎప్పటిలాగే నది అవతలి ఒడ్డుకు. సాయంత్రం ఆఖరి లాంచీ అందుకుంటే దిగిన చోటే లాడ్జి. సంచులు క్యారియర్లకు కట్టుకున్నాం, టైర్లలో గాలి చూసుకున్నాం. వీధి చివర ఏటా అనే మాటే అత్తయ్య ఈసారీ అన్నారు. "నువ్వు ముందుండమ్మాయ్."

ఉన్నాను. ముందున్నవాళ్ళకు ఎదురుగాలి తగులుతుంది, వెనకున్నవాళ్ళకు కాస్త చాటు దొరుకుతుంది. పెద్దావిడ, చాటు కోరుకోవడం న్యాయమే. మొదటి ఏడాదే ఈ సంగతి నా అంతట నేను గ్రహించి, పైకి అనకుండా ఆ బాధ్యత నెత్తినేసుకున్నాను. ఆ విషయంలో నామీద నాకు కొంచెం గౌరవం కూడా ఉంది. వెనక పెద్దావిడ ఉన్నప్పుడు నా ఇష్టమొచ్చినట్టు తొక్కడం కుదరదు. అందుకని ప్రతి మలుపులోనూ తిరిగి చూసేదాన్ని. ఆవిడ దూరంగా కనిపిస్తే పెడలు మీద కాలు తేలిక చేసేదాన్ని.

షెడ్లూ గిడ్డంగులూ దాటి, చివరి సిగ్నలు దాటి, పొలాల మధ్య రోడ్డు మీదికొచ్చాం. ఎండ ఇంకా ముదరలేదు. రోడ్డు నున్నగా ఉంది, నా చైనుకు కొత్తగా నూనె వేశాను, కాళ్ళు పరుగెత్తమంటున్నాయి. వెనక్కి చూశాను. అత్తయ్య దూరంగా ఉన్నారు. తగ్గించాను. కాసేపయ్యాక చూస్తే మళ్ళీ అంతే దూరం. ఇంకాస్త తగ్గించాను. పోయినేడు ఇంత లేదే, ఒక్క ఏడాదిలో ఎంత వయసు మీద పడిందీవిడకు అని గుండె చివుక్కుమంది. ఇలాంటప్పుడు నేను దుకాణం మానేస్తానని చెప్పాలా?

మొదట ఆగింది పెట్రోలు బంకు పక్కన టీ కొట్టు దగ్గర. సైకిళ్ళు గోడకు ఆనించి, బల్ల మీద కూర్చున్నాం. ఆవిడ చెమట కూడా పట్టకుండా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. ఇంత మెల్లగా తొక్కితే చెమటెందుకు పడుతుందని అప్పుడు నాకు తట్టలేదు. టీ సగం తాగి, ధైర్యం కూడగట్టుకుని, "దుకాణం గురించి ఒక మాట చెప్పాలి అత్తయ్యా" అన్నాను.

ఆవిడ గ్లాసు దించారు. "నేనూ నీతో దుకాణం గురించే మాట్లాడాలి. ఇప్పుడు కాదు, లాంచీ ఎక్కాక."

ఆ మాటేమిటో నాకు తెలుసు. కిందటి వారం ఒకతను టేపు పట్టుకొచ్చి దుకాణం ముందు భాగమంతా కొలుచుకుపోయాడు. ఎందుకని అడిగితే అత్తయ్య "చూద్దాంలే" అన్నారు. తాళాల గుత్తికి నకలు కూడా చేయించారు. ఇంకేముంది, కొత్త బోర్డు చేయించి దుకాణం నా చేతిలో పెట్టబోతున్నారు. లాంచీ మీద, నది మధ్యలో, గాలి వీస్తుండగా ఆ తాళాలు నా చేతిలో పెడితే నేను వద్దనగలనా? అప్పుడు బస్సూ లేదు గిస్సూ లేదు, బతుకంతా కాలర్లకు గంజి పెట్టుకుంటూ ఉండాల్సిందే. కాబట్టి ఆవిడ నోరు తెరవకముందే నేను చెప్పేయాలి. రేవు చేరేలోపు.

అక్కణ్ణుంచి నాకు దారి కనిపించలేదు. మనసులో వాక్యాలు అల్లుకుంటూ తొక్కాను. మెత్తగా మొదలుపెడితే మాట తేలేలా లేదు, సూటిగా చెప్తే కొట్టినట్టుంటుంది. మా ఆయనను మనసులోనే నాలుగు తిట్టుకున్నాను, అది మాత్రం తేలిగ్గా వచ్చింది. వెనక్కి చూస్తే అత్తయ్య ఇంకా దూరమయ్యారు.

మధ్యలో ఒక గుట్ట ఉంది, పెద్దదేం కాదు. గేరు మార్చి ఒక్క బిగువున ఎక్కేయగలను. కానీ ఆవిడను కళ్ళముందు ఆయాసపెట్టడం ఇష్టంలేక, సగంలో నేనే దిగిపోయి, కాళ్ళు లాగుతున్నట్టు మొహం పెట్టి, సైకిలు నెట్టడం మొదలుపెట్టాను. అత్తయ్య కూడా వెంటనే దిగారు. దిగుతారని నాకు తెలుసు. ఇద్దరం ఆ గుట్టమీదికి సైకిళ్ళు నెట్టుకుంటూ నడిచాం. పాల క్యాన్లు రెండు వైపులా కట్టుకున్న ఒక ముసలాయన మా పక్కనుంచి తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. పోతూ పోతూ మా గేర్ల సైకిళ్ళవైపు ఒక చూపు చూశాడు. సిగ్గుతో తల దించుకున్నాను.

పైకెక్కాక, ఇదే సమయం అనుకుని నోరు తెరిచాను.

"ముందు ఊపిరి తీసుకో. తరవాత మాట్లాడుదువుగాని," అన్నారు అత్తయ్య.

నాకు ఊపిరికేం లోటు లేదు. పాపం, ఆవిడకే ఆయాసంగా ఉండి నామీద పెట్టి చెప్తున్నారనుకున్నాను. మొహమాటం మనిషి కదా, తనకు అలసటగా ఉందని ఒప్పుకోరు. సరేనని ఊరుకుని, లేని అలుపు తీర్చుకుని, మళ్ళీ సైకిలెక్కాను.

ఆ తరవాత అంతా చదును నేల. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ. నేను తగ్గించడం, వెనక్కి చూడడం, ఆవిడ మళ్ళీ వెనకపడి ఉండడం, నేను మళ్ళీ తగ్గించడం. చివరికి సైకిలు పడిపోకుండా నిలబెట్టడమే కష్టమైపోయింది. నది గట్టు ఎక్కేసరికి ఎండ వాలిపోయింది. గట్టు మీదినుంచి రేవు కనిపించింది, టికెట్ల గది కనిపించింది, కట్టేసిన పడవలు కనిపించాయి. లాంచీ కూడా కనిపించింది. నది మధ్యలో ఉంది.

టికెట్లాయన గది తాళం వేస్తున్నాడు. మళ్ళీ పొద్దున్నే లాంచీ అని చెప్పాడు. మిమ్మల్ని గట్టు మీద చాలాసేపట్నుంచీ చూస్తున్నాను, నడిచొస్తున్నారేమో అనుకున్నాను, లాంచీని కాసేపు ఆపించాను కూడా, ఇంక కుదరలేదు అని నొచ్చుకున్నాడు.

అత్తయ్య తన సైకిలును గోడకు ఆనించలేదు. చేతులు వదిలేశారు, అది దబ్బున పక్కకు పడింది. ఆవిడ ఒక వస్తువును అలా వదిలెయ్యడం నేను చూడడం అదే మొదటిసారి.

"ఇన్నేళ్ళలో ఈ లాంచీ ఎప్పుడూ తప్పలేదు," అన్నారు.

ఆ గొంతులో కోపం ఉంది. ఇన్నాళ్ళకు ఆవిడకు కోపం వస్తే నేను మాత్రం తగ్గుతానా? పొద్దుటినుంచీ అణుచుకున్నదంతా ఒక్కసారి పైకొచ్చింది.

"నేనేం చెయ్యనత్తయ్యా? మీరు రాలేకపోతున్నారని నేను మెల్లగా తొక్కాను. నా మానాన నేనొస్తే ఎప్పుడో వచ్చేసేవాళ్ళం."

అత్తయ్య నావైపు తిరిగారు. "నేను రాలేకపోవడమేమిటి? నువ్వు తొక్కలేకపోతున్నావని పొద్దుటినుంచీ నేను బ్రేకులు పట్టుకుని కూర్చున్నాను. చూడు."

అరచేతులు చాపారు. బ్రేకులు నొక్కి నొక్కి వేళ్ళ మొదట్లో ఎర్రగా కందిపోయాయి.

"మరి నన్నెందుకు ముందుండమన్నారు?"

"మెల్లగా తొక్కేవాళ్ళే ముందుండాలి. వెనకుంటే వాళ్ళు ఎక్కడ ఆగిపోయారో ముందువాళ్ళకి తెలీదు. మీ మామయ్య పెట్టిన పద్ధతి అది. నీకు తెలీదా?"

"నాకెవరు చెప్పారు? మీకు ఎదురుగాలి తగలకూడదని ముందున్నాననుకుంటున్నాను ఇన్నేళ్ళూ."

"గాలా?" అన్నారు ఆవిడ, ఆ మాట జీవితంలో మొదటిసారి విన్నట్టు.

మీ రోజుల్లో ముందు ఎవరుండేవారని అడిగాను. ఇంకెవరు, మీ మామయ్యే, ఆయన నాకన్నా నిదానం అన్నారు. అంటే నేను తగ్గినప్పుడల్లా, పాపం అమ్మాయి అలిసిపోయింది, వెనకనుంచి తరమకూడదని ఆవిడ తగ్గారు. ఆవిడ తగ్గినప్పుడల్లా, పాపం పెద్దావిడ అలిసిపోయిందని నేను తగ్గాను. ఇద్దరు గట్టి మనుషులం, ఒకరిమీద ఒకరు దయతో, దాదాపు నిలబడిపోయాం. గుట్ట దగ్గర నువ్వెందుకు దిగావని ఆవిడ అడిగారు. మీకోసమేనన్నాను. నేను నీకోసం దిగానన్నారు. టికెట్లాయన తాళంచెవి జేబులో వేసుకుని మాకు దూరంగా జరిగాడు.

అత్తయ్య రేవు మెట్ల మీద కూలబడ్డారు. నేనూ ఒక మెట్టు కింద కూర్చున్నాను. నీళ్ళు మెట్లను తాకి వెనక్కి పోతున్నాయి. లాంచీ అవతలి ఒడ్డుకు చేరిపోయింది. తాళాలు చేతిలో పడే లోపు చెప్పెయ్యాలన్న భయంతో, నెల రోజులుగా అల్లుకున్న వాక్యాలన్నీ ఎటు పోయాయో ఏమో, ఒక్క గుక్కలో అనేశాను.

"అత్తయ్యా, నేను లాండ్రీ మానేస్తాను. నాకు బస్సు డ్రైవరుగా ఉద్యోగమొచ్చింది. సోమవారం చేరతానని చెప్పాలి."

చెప్పేశాక ఆవిడ మొహం చూడలేక నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాను. వెనకనుంచి ఏ చప్పుడూ లేదు. ఏడుస్తున్నారేమో అని తిరిగి చూశాను. ఆవిడ కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి, ఛాతీ నిండా గాలి పీల్చుకుని వదిలారు.

"అమ్మయ్య," అన్నారు.

ఆ తరవాత ఆవిడ చెప్పింది విన్నాను. పక్క మందుల షాపతను మా దుకాణం కూడా కలుపుకుని పెద్దది చేసుకుంటానని ఎప్పటినుంచో అడుగుతున్నాడట. ఆవిడకు ఇచ్చెయ్యాలనే ఉంది, మోకాళ్ళు బాగుండగానే ఆ ఆవిరి గది నుంచి బయటపడాలని ఉంది. కానీ ఈ అమ్మాయి దుకాణాన్నే నమ్ముకుంది, తీసేస్తే ఏమైపోతుందని నాకోసం వాయిదా వేస్తూ వచ్చారట. టేపుతో కొలిచినతను బోర్డులు రాసేవాడు కాదు, మందుల షాపతని వడ్రంగి. తాళాల నకలు కూడా అతనికే. ఇక ఆగలేక ఈసారి లాంచీ మీద నాకు చెప్పేద్దామనుకున్నారు. లాంచీయే ఎందుకంటే, నది మధ్యలో అయితే నేను అలిగి లేచిపోవడానికి వీలుండదని.

నాకు ఎంత తేలికైందంటే, లేచి నిలబడితే గాలికి కొట్టుకుపోతాననిపించింది. ఊపిరి పీల్చుకుని, నవ్వి, మళ్ళీ ఊపిరి పీల్చుకున్నాను. ఆవిడా నవ్వారు. అంతలోనే నా బుద్ధి పోనిచ్చుకోకుండా ఉక్రోషం కూడా వచ్చింది. నేను లేకపోతే దుకాణం కూలిపోతుందని నెల రోజులు నిద్ర లేకుండా ఏడ్చాను, ఈవిడకేమో అమ్మయ్యట.

"నేను లేకపోతే పనంతా ఎలా అని నేను ఎంత దిగులుపడ్డానో మీకు తెలుసా?" అన్నాను.

"పనికేముందిలే," అని ఆవిడ ఆగారు. "ఒకటి చెప్పనా? నీకు కోపమొస్తుంది."

రాదన్నాను. వస్తుందని ఇద్దరికీ తెలుసు.

"నువ్వు ఇస్త్రీ చేసిన కాలర్లు తెల్లారకముందే లేచి నేను మళ్ళీ చేస్తాను."

"ఏ కాలర్లు?"

"అన్నీను. నువ్వు మధ్యనుంచి అంచులకి నొక్కుతావు. ముడత కొసన పోగవుతుంది. అంచులనుంచి మధ్యకి రావాలి."

నా చెవులు వేడెక్కాయి. ఆసుపత్రి వాళ్ళు మీ కాలర్లు కత్తిలా ఉంటాయని మెచ్చుకుంటే కౌంటరు దగ్గర నిలబడి ఎన్నిసార్లు మురిసిపోయానో. పక్కనే నిలబడి ఈవిడ అవునవునని తలూపేవారు. మొదటి రోజే ఒక్క మాట చెప్తే నేర్చుకునేదాన్ని కదా, ఇన్నేళ్ళూ నన్నో వెర్రిదాన్ని చేశారు కదా అని దులిపేశాను. ఆవిడ అడ్డుపడలేదు. నేను ఆగేదాకా ఆగారు.

"మీ మామయ్య పోయిన కొత్తలో దిద్దుదామనే అనుకున్నాను," అన్నారు అప్పుడు. "దిద్దితే నీకు కోపమొస్తుంది, కోపమొస్తే కిందికి దిగడం మానేస్తావు. పగలంతా ఆ గదిలో ఒక్కదాన్నే నిలబడాలంటే నాకు భయమేసేది అమ్మాయ్. ఆవిరి చప్పుడు తప్ప ఏమీ ఉండదక్కడ. నువ్వు కాలరు మాడ్చినా సరే, పక్కనుంటే చాలనిపించేది."

ఆ రోజుల్లో ఆవిడ భయపడ్డారని నేను కలలో కూడా అనుకోలేదు. రోజూ నాకన్నా ముందు దిగి, దీపాలు వేసి, బల్ల వేడెక్కించి ఉంచేవారు. నాకోసం అనుకున్నాను. ఆ తెల్లవారుజామున నా కాలర్లు ఒక్కొక్కటే విప్పి, తడి చేసి, మళ్ళీ నొక్కి, నాకు తెలీకుండా అదే మడతలో పెట్టేవారన్నమాట.

"ఇప్పుడూ భయమేస్తుందా?" అని అడిగాను.

"లేదు. ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. పోయాక కూడా కాలర్లు మాత్రం చేస్తూనే ఉన్నాను."

ఏడుపొచ్చేసింది. సిగ్గుపడకుండా ఏడ్చాను. అత్తయ్య నా వీపు మీద ఆ కందిన చెయ్యి వేసి ఉంచారు. ఈవిడ నన్ను ఇంతగా కావాలనుకున్నారని తెలిసిన రోజే, నన్ను హాయిగా వదిలేస్తున్నారని కూడా తెలిసింది. రెండూ ఒకేసారి మోయడం నాకు చేతకాలేదు. కాసేపటికి రెండూ ఒకటేననిపించింది, అప్పుడు ఏడుపు ఆగింది.

మొహం కడుక్కుని మా ఆయనకు ఫోను చేశాను. చెప్పావా అన్నారు. చెప్పానన్నాను.

"అమ్మ ఏడ్చిందా?"

"లేదు. నేను ఏడ్చాను," అని పెట్టేశాను.

టికెట్లాయన మళ్ళీ దగ్గరకొచ్చాడు. ఎగువన వంతెన ఉందని, గట్టు వెంబడి పోయి, దాటి, అవతల మళ్ళీ కిందికి రావాలని, గట్టిగా తొక్కేవాళ్ళైతే దీపాలు పెట్టే వేళకు లాడ్జి చేరొచ్చని చెప్పాడు. చెప్తూ మా ఇద్దర్నీ అనుమానంగా చూశాడు. అతని తప్పేం లేదు.

అత్తయ్య సైకిలు లేపి, హ్యాండిలు సరిచేసుకున్నారు. ఇదివరకైతే ఇక్కడ ఆవిడ నన్ను ముందుండమని అనాలి. అనలేదు. నావైపు చూసి, ఏదో అనుమతి అడుగుతున్నట్టు, "నా మానాన నేను వెళ్ళిపోనా?" అన్నారు.

ఒక్కరే ఎలా వెళ్తారు, చీకటి పడితే, దారిలో ఏదైనా అయితే అని నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"వెళ్ళండత్తయ్యా. నాకోసం చూడకండి."

వెళ్ళారు. నేను సంచి బిగించుకుని గట్టెక్కేసరికి ఆవిడ చాలా ముందున్నారు. పట్టుకుందామని చూశాను. నిజం చెప్తున్నాను, ఊపిరంతా బిగబట్టి తొక్కాను. పొద్దుటినుంచీ దాచుకున్న బలమంతా ఉంది కదా. నా కాళ్ళు నా మాట వింటుంటే, గాలి చెవుల పక్కన హోరెత్తుతుంటే, అలా తొక్కడం ఎంత బాగుందో చెప్పలేను. అయినా దూరం తగ్గలేదు, పెరిగింది. గట్టు వంపు తిరిగే చోట ఆవిడ నడుము వంచి, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా మలుపులో కలిసిపోయారు. మెల్లగా తొక్కేవాళ్ళు ముందుండాలన్న మామయ్య పద్ధతి నా విషయంలో తప్పేం కాదని ఒప్పుకోక తప్పలేదు. నా తప్పల్లా, నేనే ఆవిడను ఈడ్చుకొస్తున్నాననుకోవడం.

వంతెన మీద కాసేపు ఆగాను, ఆగాలనిపించింది గనక. కింద నది నల్లబడుతోంది. సోమవారం డిపోకు ఏ చీర కట్టుకెళ్ళాలా, ప్యాంటు వేసుకోవాలా అని ఆలోచించుకున్నాను. ఎవరూ వెనక లేరు, ఎవరూ ముందు కనిపించడం లేదు. నాకు ఏ దిగులూ కలగలేదు.

లాడ్జి చేరేసరికి వీధి దీపాలు వెలిగాయి. అత్తయ్య సైకిలు వరండాలో ఉంది, అప్పుడే తుడిచినట్టున్నారు. లోపల భోజనాల గదిలో కిటికీ పక్క బల్ల దగ్గర, స్నానం చేసి, కాళ్ళు పక్క కుర్చీ మీద చాపుకుని కూర్చున్నారు. ఆవిడ ముందు పళ్ళెం ఖాళీగా ఉంది.

"ఆకలేసింది, తినేశాను," అన్నారు.

నేను ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచి ఆవిడ నాకన్నా ముందు తిని ఎరగరు. హోటళ్ళకు దుప్పట్లు చేరవేసి నేను ఎంత ఆలస్యంగా వచ్చినా బల్ల మీద రెండు పళ్ళేలు బోర్లించి ఉండేవి, వాటి పక్కన ఆవిడ. ట్రాఫిక్కులో ఇరుక్కుపోయిన ఎన్నో సాయంత్రాలు ఆ బోర్లించిన పళ్ళేలు తలుచుకుని హారను మోగించేదాన్ని. ఇప్పుడు ఆ ఖాళీ పళ్ళెం చూసి నా ఒళ్ళంతా హాయిగా వదులైపోయింది.

ఎదురుగా కూర్చున్నాను. లాడ్జి కుర్రాడు నాకు వడ్డించి వెళ్ళాడు. అత్తయ్య రెండు నిమిషాలు నావైపు చూసి, ఆవలించి, కాళ్ళు దించుకున్నారు.

"నాకు నిద్రొస్తోంది. నువ్వు తిను," అని గదికి వెళ్ళిపోయారు.

నేను నెమ్మదిగా, కడుపునిండా తిన్నాను.